విప్పిన ఊలు, కుట్టిన బొంత

(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం కుట్లు, అల్లికల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పెద్ద పనిమంతురాలినేమీ కాదండీ. పాతబట్టల షాపుల్లో స్వెట్టర్లు కొని, విప్పి, ఆ ఊలుతో మళ్ళీ అల్లుకుంటూ ఉంటాను. అమ్మ చీరలతో బొంతలు కుడతాను. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని కనుక ఇందులో చేసిన తప్పులు కూడా చాలా ఉన్నాయి. అవి మీకు చెబితే కనీసం మీ డబ్బులు మిగులుతాయని ఒప్పుకున్నాను.

ముందు ఒక ఇబ్బంది గురించి చెప్పాలి. పాతబట్టల షాపు అనగానే మనలో చాలామందికి మనసు వెనక్కి లాగుతుంది. ఒకరు కట్టి విడిచిన బట్ట మనం ముట్టుకోవడమేమిటని. పండగకి అప్పు చేసైనా సరే, పసుపు రాసి కొత్తబట్ట కట్టబెట్టిన ఇళ్ళలో పెరిగాం. అయితే అవే ఇళ్ళలో పాతబట్ట పారేయడం కూడా ఎప్పుడూ చూడలేదు. నాన్న పంచె చిరిగితే వడియాలు పెట్టుకునే గుడ్డ అయ్యేది. అదీ పీలికలయితే మసిగుడ్డ. అమ్మ నేతచీర మెత్తబడితే ఉయ్యాల, ఆ తర్వాత పొత్తిళ్ళు, ఆ తర్వాత బొంత. ఎందుకూ పనికిరాకపోతే, వీధిలో "పాతబట్టలకి స్టీలు సామాన్లు" అని కేకేసుకుంటూ వచ్చే ఆమెకి వేసి, గిన్నె కోసం గంటసేపు బేరం. రీసైక్లింగ్ అన్న మాట తెలియదు గానీ పని మాత్రం తెలుసు. కాకపోతే అదంతా మన ఇంటి బట్టతోనే. పరాయివాళ్ళ బట్ట దగ్గరే పేచీ.

మా అమ్మ 2009 చలికాలంలో మా దగ్గరికి ఒహాయో వచ్చినప్పుడు మొదటి వారమే ఈ పేచీ వచ్చింది. బయట మోకాలి లోతు మంచు. ఆవిడకి టీవీ అర్థం కాదు, పలకరించే మనిషి లేదు. ఆరు నెలలు ఎలా గడుస్తాయా అని నాకు బెంగ. అల్లిక అయినా చేసుకుంటుందని పాతబట్టల షాపుకి తీసుకెళ్ళాను. గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎవరివో ఏంటో, పోయినోళ్ళవేమోనే" అంది. నేను ఒక ఉన్ని స్వెట్టర్ తీసి, "అమ్మా, ఇది తొడుక్కోవడానికి కాదు, విప్పి ఊలు తీసుకోవడానికి" అన్నాను. ఆవిడ దాన్ని లోపలి వైపు తిప్పి చూసింది. కుట్టు దగ్గర గోటితో నొక్కింది. "దారానికి మైలేంటిలే, ఉతుక్కుంటే సరి" అని బుట్టలో వేసింది. ఆ తర్వాత నేను పిలవకుండానే షాపుకి బయల్దేరేది!

ఈ దేశంలో ఈ షాపులు ఊరికే పుట్టలేదు. గుడ్‌విల్ అని అందరికీ తెలిసిన సంస్థని 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాదిరీ మొదలుపెట్టారు. డబ్బున్నవాళ్ళ పేటల్లో వాడేసిన బట్టలు, సామాన్లు పోగుచేసి, పనిలేని పేదవాళ్ళ చేత వాటిని బాగుచేయించి, అమ్మిన డబ్బుతో వాళ్ళకే జీతాలిచ్చారు. అంటే మొదటినుంచీ అక్కడ ఆలోచన బాగుచేసే చేతికి కూలి ఇవ్వడం గురించే. 1930ల ఆర్థికమాంద్యంలో ఇక్కడి పల్లెటూరి తల్లులు పిండి బస్తాలు, కోళ్ళ దాణా బస్తాలు విప్పి పిల్లలకి గౌన్లు కుట్టారు. అది చూసి మిల్లుల వాళ్ళు బస్తాల గుడ్డ మీద పువ్వుల అచ్చులు వేసి అమ్మారు. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ రెడ్‌క్రాస్ పిలుపు మీద ఇళ్ళలో ఆడవాళ్ళూ, బళ్ళలో పిల్లలూ సైనికుల కోసం మేజోళ్ళు, స్వెట్టర్లు అల్లారు. ఈ దేశానికీ పొదుపు తెలుసు. మధ్యలో మర్చిపోయింది.

ఎంత మర్చిపోయిందో ఒక లెక్క చెబుతాను. ఇక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా ప్రకారం 2018 ఒక్క సంవత్సరంలో అమెరికా ఇళ్ళలో, ఊళ్ళలో చెత్తగా తేలిన బట్టలు, దుప్పట్లు, చెప్పులు వగైరా 1 కోటి 70 లక్షల టన్నులు. అందులో 1 కోటి 13 లక్షల టన్నులు నేలలో పూడ్చేశారు. మళ్ళీ వాడకానికి మళ్ళింది 25 లక్షల టన్నులు. పూడ్చినదాన్ని జనాభాతో భాగిస్తే తలకి దాదాపు 70 పౌన్లు. మనం షాపులకి దానమిచ్చిన బట్టలు కూడా అన్నీ అక్కడే అమ్ముడుపోవు. మూటలు కట్టి ఓడలెక్కిస్తారు. ఉన్ని స్వెట్టర్లయితే కొన్ని మన హర్యానాలోని పానిపట్టు చేరతాయి. అక్కడ గుండీలు, జిప్పులు కోసేసి, రంగుల వారీగా విడదీసి, యంత్రాల్లో చీల్చి, నాసిరకం నూలు వడికి కంబళ్ళు నేస్తారు. వరదలప్పుడు పంచే కంబళ్ళలో కొన్ని అలా తయారైనవే. ఒహాయోలో విడిచిన స్వెట్టర్ ఏ గోదావరి వరదలోనో ఎవరి భుజాల మీదో ఉండొచ్చన్నమాట.

సరే, ఇక పనిలోకి వద్దాం. స్వెట్టర్ కొనేముందు నాలుగు విషయాలు చూడండి.

ఒకటి, మెడ దగ్గర లేబుల్. ఉన్ని అయితే మంచిది, నూలు అయినా సరే. యాక్రిలిక్ మాత్రమే అయితే కొత్తదే చవగ్గా వస్తుంది, విప్పే శ్రమ దండగ. లేబుల్ చిరిగిపోయి ఉంటే ఇంటికి తెచ్చాక చిన్న దారం ముక్క చిమటాతో పట్టుకుని, సింకు మీద వెలిగించి చూడండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వేసి, మంట దానంతటదే ఆరిపోతుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. నూలు అయితే కాగితం కాలిన వాసన. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా అవుతుంది.

రెండు, పక్క కుట్లు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. స్వెట్టర్ లోపలివైపు తిప్పి చూడండి. ముందు భాగం, వెనక భాగం విడివిడిగా ఆకారానికి అల్లి, అంచుకి అంచు కలిపి గొలుసుకుట్టు వేసి ఉంటే దారం తెగకుండా మొత్తం వస్తుంది. అలా కాక అల్లిన గుడ్డని కత్తిరించి అంచంతా ఓవర్‌లాక్ మిషను మీద కుట్టి ఉంటే, విప్పితే ప్రతి వరసకీ ఒక ముక్క వస్తుంది. నేను మొదట కొన్న మూడూ అలాంటివే. బోలెడు ముక్కలు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

మూడు, ఉన్ని అట్టకట్టిందేమో చూడండి. ఎవరో పొరపాటున వేడినీళ్ళలో ఉతికి ఉంటే పోగులన్నీ ఒకదానికొకటి పట్టుకుపోయి ఉంటాయి. అది విప్పడానికి రాదు. నాలుగు, వెలుతురుకి ఎత్తి పట్టుకుని పురుగు తిన్న చిల్లులున్నాయేమో చూడండి. ఒకటీ అరా ఉంటే ఫరవాలేదు. ఏదైనా సరే ఇంటికి తేగానే సంచిలో బిగించి కొన్నాళ్ళు ఫ్రీజరులో పెడితే పురుగు భయం తగ్గుతుంది.

విప్పడం ఇలా. ముందు చేతులు, పక్కలు కలిపిన కుట్టు దారం మాత్రం జాగ్రత్తగా తెంపండి. ముక్కలు విడిపోయాక, ఏ అంచుతో అల్లిక ముగించారో ఆ అంచు నుంచి లాగాలి. మామూలుగా అది పైన, మెడ, భుజాల దగ్గర ఉంటుంది. వచ్చిన దారం కుర్చీ వీపుకి చుట్టుకుంటూ పోండి. నాలుగు చోట్ల వదులుగా ముడివేసి తీసేయండి. అప్పుడది వర్షంలో తడిసిన నూడుల్సులా మెలికలు మెలికలుగా ఉంటుంది. భయపడొద్దు. గోరువెచ్చని నీళ్ళలో కాస్త షాంపూ వేసి అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, స్నానాలగది కడ్డీకి వేలాడదీయండి. కింద చిన్న బరువు కడితే ఆరేసరికి మెలికలు చాలావరకు పోతాయి. ఉండ చుట్టుకోవడమే తరువాయి. పెద్దవాళ్ళ స్వెట్టర్‌లో ఒక పిల్లవాడి స్వెట్టరూ, ఒక టోపీ వస్తాయి.

అట్టకట్టినవీ, ఓవర్‌లాక్‌వీ పారేయకండి. నూరుశాతం ఉన్ని అయితే కావాలనే వేడినీళ్ళలో మిషనులో వేసి తిప్పండి. కుంచించుకుపోయి కంబళి ముక్కలా అవుతుంది. దాన్ని కత్తిరించినా అంచు ఊడదు. పొయ్యి మీద గిన్నె దించుకునే పట్టుగుడ్డలు, చేతి తొడుగులు కుట్టుకోవచ్చు. పాత కాటన్ టీషర్టుని కింద అంచు నుంచి అంగుళం వెడల్పున గుండ్రంగా కత్తిరించుకుంటూ పైకి వెళితే ఒకటే పొడుగు పీలిక వస్తుంది. లాగితే అంచులు లోపలికి చుట్టుకుని లావు దారమవుతుంది. కాళ్ళు తుడుచుకునే పట్టాలకి అంతకు మించిన సరుకు లేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది.

అమ్మతో షాపుకి వెళ్ళిన నాలుగోసారో ఐదోసారో, దుప్పట్ల అరలో ఒక తెల్లటి లేసు టేబుల్‌క్లాత్ దొరికింది. చేత్తో అల్లినది. ఒక మూల చిన్న చిల్లు. ధర మూడు డాలర్లు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. "అమ్మా, చూశావా, మూడు డాలర్లే!" అన్నాను. అమ్మ మాట్లాడలేదు. దాన్ని అక్కడే ఒక బల్లమీద పరిచి, వేలితో పువ్వులు లెక్కపెట్టింది. అడ్డంగా పన్నెండు, పొడుగునా పదహారు. నూట తొంభై రెండు పువ్వులు. "పువ్వుకి అరగంట వేసుకో. తొంభై ఆరు గంటలు. పువ్వులు కలపడానికీ అంచుకీ ఇంకో ఇరవై" అంది. తర్వాత నెమ్మదిగా, "మూడు డాలర్లంట" అంది.

మా అమ్మది నర్సాపురం దగ్గర పల్లె. ఆ ప్రాంతం లేసు పనికి పేరు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీలు గోదావరి ప్రాంతంలో ఆడవాళ్ళకి క్రోషే అల్లిక నేర్పారు. అది నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటి పని అయింది. సరుకు విదేశాలకి ఎగుమతి అయ్యేది. ఏజెంటు దారం కండెలు ఇచ్చి వెళ్ళేవాడు, అల్లిన పువ్వులు పట్టుకెళ్ళేవాడు. కూలి కండె లెక్కన. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అక్కడికి వెళ్ళి పరిశోధన చేసి 1982లో "ద లేస్‌మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం అచ్చువేశారు. ఆవిడ చెప్పింది ఇదీ: ఆ ఆడవాళ్ళు రోజులో చాలా గంటలు అల్లుతున్నారు, ఆ అల్లికతో ఎగుమతి వ్యాపారం నడుస్తోంది, కానీ లెక్కల్లో వాళ్ళు కార్మికులు కారు, ఇంట్లో ఖాళీగా ఉన్న గృహిణులు. ఖాళీ సమయంలో చేసే పనికి కూలి తక్కువైనా ఎవరూ అడగరు. ఇంటి ఆడది గడప దాటకపోవడం గౌరవమనుకున్న కుటుంబాలకి ఆ ఏర్పాటు ఇంకా బాగా నచ్చింది. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. సంతోషించాల్సిన విషయమే. పేరుకి గుర్తింపు వచ్చింది, గంటలకి కూడా రావాలి.

ఇదంతా పుస్తకంగా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు షాపులో అమ్మ చెప్పింది వేరేలా ఉంది. బడినుంచి రాగానే అక్కచెల్లెళ్ళు ముగ్గురూ అరుగుమీద కూర్చుని దీపాలవేళ దాటేదాకా అల్లేవారట. మా తాతయ్య మాత్రం ఎవరడిగినా "మా ఆడవాళ్ళు పనికెళ్ళరండీ" అని చెప్పేవారట. "ఆ డబ్బుతోనే మా ఫీజులు కట్టేవోరు. అయినా మేం పనికెళ్ళనట్టే" అంది. నేను చిన్నప్పుడు బడిలో అల్లిక పోటీకి లేసు నేర్పమంటే ఎందుకు కసురుకుందో, "చదువుకో, అవెందుకు" అని సూది ఎందుకు దాచేసిందో నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మకి అల్లిక రాదేమో అనుకున్నాను.

ఆ టేబుల్‌క్లాత్ మన వైపుదేనా అని అడిగాను. "ఎలా చెప్తాం? చైనాదైనా కావచ్చు. ఎవరిదైనా ఆ వేళ్ళు నాకు తెలుసు" అంది. కొన్నాం. కత్తిరించి దిండు గలీబులు చేద్దామని నా ఉద్దేశం. అమ్మ ఒప్పుకోలేదు. నూలు స్వెట్టర్ ఒకటి విప్పి, ఆ దారంతో ఆ మూల చిల్లు తనే అల్లి పూడ్చింది. చూపిస్తే తప్ప అతుకు కనపడదు. ఆ చలికాలమంతా నాకు క్రోషే నేర్పింది.

అమెరికాలో ఇలాంటి కథే ఒకటుంది. అలబామాలో నది వంపులో గీస్ బెండ్ అనే పల్లె. బానిసలుగా పత్తి చేలలో పనిచేసినవాళ్ళ సంతతి. అక్కడి ఆడవాళ్ళు చిరిగిన పొలం బట్టలు, పాత జీన్సు ముక్కలతో చలికి బొంతలు కుట్టుకున్నారు. 1966లో పౌరహక్కుల ఉద్యమ కాలంలో చుట్టుపక్కల ఆడవాళ్ళు కలిసి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో వాళ్ళ బొంతలు హ్యూస్టన్ మ్యూజియంలోనూ, న్యూయార్కు విట్నీ మ్యూజియంలోనూ గోడలకెక్కాయి. 2006లో తపాలాబిళ్ళలుగా వచ్చాయి. 2007లో వాళ్ళలో ముగ్గురు, మా పనికి మాకు న్యాయంగా డబ్బు ముట్టలేదని కోర్టుకెక్కారు. ఆ మరుసటి సంవత్సరం ఆ వ్యాజ్యం పరిష్కారమైంది. ఎవరి తప్పెంత అని తీర్పు చెప్పడానికి నేనెవరిని? కానీ ఆ ప్రశ్న మా అమ్మ షాపులో వేసిన ప్రశ్నే.

మన బొంత కూడా దానికి తీసిపోదు. ఒక నేతచీర ఐదున్నర మీటర్లు. కత్తెర పెట్టకుండా నాలుగు మడతలు వేస్తే, నాలుగున్నర అడుగుల పొడుగు, మూడున్నర అడుగుల పైన వెడల్పు, నాలుగు పొరలు. పిల్లల బొంతకి సరిపోయే కొలత. చుట్టూ గుండుసూదులు పెట్టి, మధ్యనుంచి అంచులకి వెళుతూ రెండేసి అంగుళాల దూరంలో వరసలుగా దూరపు కుట్టు వేయడమే. చీర అంచు ఎలాగూ అందంగా ఉంటుంది. బాగా ఉతికి మెత్తబడిన చీరే తీసుకోండి. ఒక జాగ్రత్త. ఏడాది లోపు పాపాయి నిద్రపోయే తొట్టెలో దుప్పటి, బొంత వేయొద్దని ఇక్కడి పిల్లల డాక్టర్లు గట్టిగా చెబుతారు. నేలమీద పరిచి ఆడించడానికి వాడుకోండి.

ఒంటరిగా కష్టమనిపిస్తే కలిసి చేయండి. 1991లో విస్కాన్సిన్‌లో ఈవీ రోజెన్ అనే ఆవిడ "వార్మ్ అప్ అమెరికా" అని మొదలుపెట్టారు. ఏడంగుళాలు, తొమ్మిదంగుళాల ముక్కలు తలా ఒకటి అల్లితే, నలభై తొమ్మిది ముక్కలు కలిపి ఒక దుప్పటి, అవసరమున్నవాళ్ళకి. మన ఇళ్ళకి వచ్చే అమ్మానాన్నలకి, అత్తమామలకి చలికాలం సాయంత్రాలు ఎంత పొడుగో మీకు తెలుసు. ఒక ఊలుండ చేతిలో పెట్టి చూడండి. మీకు తెలియని కథ ఏదో బయటికొస్తుంది.

ఇక ఆఖరుమాట ధర గురించి. మన సంఘాల్లో "మీ చేతిపని బాగుందండీ, ఇరవై డాలర్లకి మా పాపకోటి అల్లిపెట్టరూ" అని అభిమానంగానే అడుగుతారు. ఊరికే ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇవ్వండి, అది మీ ప్రేమ. అమ్మేటట్టయితే మాత్రం గంటలు చెప్పండి. ఇక్కడ ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకి 7 డాలర్ల 25 సెంట్లు. ఆ లెక్కన మా మూడు డాలర్ల టేబుల్‌క్లాత్ కూలి 841 డాలర్లు. ఎవరూ అంత ఇవ్వరని నాకూ తెలుసు. కానీ ఆ అంకె చెప్పకుండా ధర చెబితే, "మా ఆడవాళ్ళు పనికెళ్ళరండీ" అన్న మాటే మనమూ అన్నట్టవుతుంది.

మా అమ్మకి ఇప్పుడు వేళ్ళు వంగవు. పోయిన నెల మా అమ్మాయి అమ్మమ్మ చీరతో తన మొదటి బొంత కుట్టి ఫోనులో చూపించింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. బాగుందని అంటుందనుకున్నాం. "ఎన్ని గంటలు పట్టిందే?" అని అడిగింది. "లెక్కపెట్టలేదు అమ్మమ్మా" అంది ఇది.

"ఈసారి పెట్టు" అంది అమ్మ.